గాత్రం వచ్చు, ఇప్పుడు ఏ వాద్యం? కీర్తనను గొంతు నుంచి చేతికి మార్చుకునేవాళ్ళకి

మా అమ్మాయి ఆరేళ్ళు గాత్రం నేర్చుకుంది. పదమూడో ఏట ఒకరోజు క్లాసు నుంచి వచ్చి "నాకు పాడాలని లేదమ్మా, వాయించాలని ఉంది" అంది. ఏది వాయిస్తావే అంటే "అదే తెలీదు" అంది. ఆ "అదే తెలీదు" మా ఇంట్లో ఏడాదిన్నర నడిచింది. మొదట ఒక కీబోర్డ్ కొన్నాం. తర్వాత తెలిసినవాళ్ళ దగ్గర వయొలిన్ అరువు తెచ్చాం. చివరికి వీణ వచ్చింది, అది నిలిచింది. అరువు వయొలిన్ తిరిగి ఇవ్వబుద్ధి కాక నేనొకటి కొనుక్కుని, నలభై నాలుగేళ్ళ వయసులో సరళీస్వరాలు గీకడం మొదలుపెట్టాను.

ఇప్పుడు పాట క్లాసు బయట చెప్పుల పక్కన కూర్చునే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు నెలకోసారైనా ఇదే అడుగుతారు. వాళ్ళకి విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ళకి ఇది అంతగా పనికిరాదు. రెండు మూడు వర్ణాలు, పదో పదిహేనో కీర్తనలు గొంతులో ఉండి, వాటినే ఒక వాద్యం మీదికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

## మార్చితే చెడిపోదా?

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ మాట తప్పకుండా వస్తుంది. గొంతు కోసం కట్టినదాన్ని ఇంకో దాని మీద వాయిస్తే అసలుది చెడదా అని.

కచేరీలో గాయకుడి పక్కన వయొలిన్ లేకపోతే మనకు ఏదో వెలితిగా ఉంటుంది కదా. ఆ వయొలిన్ మన సంగీతంలోకి వచ్చి సుమారు రెండు వందల ఏళ్ళు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాతి తరాలు దాన్ని నేల మీద కూర్చోబెట్టి, తీగల్ని స-ప-స-పగా శృతి చేసి, పూర్తిగా ఇంటిదాన్ని చేసుకున్నాయి. అన్నగారు ఇంకో దారిలో వెళ్ళారు. తెల్లవాళ్ళ బ్యాండు వరుసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నోట్టుస్వరాలంటే అవే. బ్రిటిష్ రాజుగారి గీతం వరుసలో ఉన్న 'సంతతం పాహిమాం' పిల్లలు ఇప్పటికీ క్లాసుల్లో పాడుతున్నారు.

పాశ్చాత్యులకైతే ఇది రోజువారీ వ్యవహారం. వివాల్డి వయొలిన్ కన్చెర్టోలను బాఖ్ కీబోర్డు వాద్యాలకు మార్చుకున్నాడు. బీథోవెన్ తొమ్మిది సింఫనీలను లిస్ట్ అనే పియానో విద్వాంసుడు ఒక్క పియానోలో ఇమిడ్చాడు. రికార్డులు లేని రోజుల్లో, ఊళ్ళో ఆర్కెస్ట్రా లేనివాళ్ళు సింఫనీ విన్నది ఇలాంటి పియానో ప్రతుల వల్లే. ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకి రాసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ను రావెల్ 1922లో ఆర్కెస్ట్రాకి మార్చాడు. ఇవాళ చాలామందికి తెలిసింది ఆ రెండో రూపమే.

కాబట్టి మార్చుకోవచ్చు. కాకపోతే పుట్టింటి అలవాట్లన్నీ అత్తింట్లో సాగవు. ఏవి వదులుకోవాలో ముందే తెలిస్తే తర్వాత ఏడుపు ఉండదు.

ఏ వాద్యానికి వెళ్ళినా ముందుగా పోయేది మాట. గోల్కొండ చూపించడానికి చుట్టాల్ని తీసుకెళ్ళినప్పుడల్లా రామదాసు బందీఖానా దగ్గర నిలబడి కథ చెబుతాం. ఆ కథ ప్రాణమంతా మాటల్లో ఉంది. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, దానికి పదివేల వరహాలయ్యాయి అని సాక్షాత్తు రాముడికే లెక్క అప్పజెప్పిన కీర్తనను వాద్యం మీద వాయించండి. లెక్క ఎగిరిపోయి వరుస మిగులుతుంది. వినేవాళ్ళకి మాటలు ముందే వచ్చుంటే మనసులో పూరించుకుంటారు. రాకపోతే వాళ్ళకి అదొక చిన్న, సులువైన ట్యూన్.

త్యాగరాజ కృతి అయితే నష్టం ఇంత ఉండదు. ఒకే పల్లవి సంగతి మీద సంగతిగా, అంటే అదే వరుస కొత్త కొత్త మలుపులతో, పెరుగుతుంటే మాట లేకపోయినా చెవికి బోలెడు పని. వర్ణానికి ఇంకా తక్కువ నష్టం, దాంట్లో సగానికి పైగా ఉన్నది స్వరమే. ఇక దీక్షితులు స్వయంగా వైణికులు. ఆయన చౌక కాలం (నిదానంగా నడిచే) కృతులు వీణ దగ్గరికి వస్తే అత్తింటికి కాదు, పుట్టింటికి వచ్చినట్టే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ధర, బరువు, ఎన్నేళ్ళు పడుతుంది వంటి ప్రశ్నలతో అందరూ మొదలుపెడతారు. మేమూ అలాగే మొదలుపెట్టి తప్పు చేశాం. వాటికంటే ముందు చూడాల్సినవి నాలుగున్నాయి.

గమకం. పాడేటప్పుడు మనం ఆలోచించకుండానే స్వరాన్ని ఊపుతాం. తోడి గాంధారం ఒక చోట నిలబడే స్వరమే కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఉయ్యాలలా ఊగుతూ ఉంటుంది. మీరు ఎంచుకునే వాద్యం మీద ఆ ఉయ్యాల ఊగుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఊగకపోతే మీకొచ్చిన కీర్తనల్లో సగం పక్కన పెట్టాల్సి వస్తుంది.

కార్వె. స్వరం ఎంతసేపు నిలుస్తుంది? గొంతులో ఊపిరి ఉన్నంతసేపు. మీటే వాద్యాల్లో మీటిన క్షణం నుంచే నాదం తగ్గుతూ పోతుంది. నిదానంగా సాగే కృతి ఇష్టమైతే ఇది బాగా ఆలోచించాలి.

అక్షరం. మాట పోయినా అది ఎక్కడ పడుతుందో చూపించవచ్చు. వీణలో సాహిత్యం అక్షరం దగ్గర మీటుతారు. వయొలిన్‌లో అక్కడ కమాను మళ్ళిస్తారు, వేణువులో నాలుకతో గాలిని తుంచుతారు. మంచి గురువు "నోట్లో పాడుకుంటూ వాయించు" అనేది ఇందుకే. గాత్రం నేర్చుకుని వచ్చినవాళ్ళకు ఉన్న అసలు లాభం ఇక్కడుంది.

శృతి, స్థాయి. మన 'స' ఎంత ఎత్తులో పెట్టుకుంటామన్నదే శృతి, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. ఆడపిల్లలు సాధారణంగా ఐదు, ఐదున్నర శృతుల్లో పాడతారు, మగవాళ్ళు ఒకటి, రెండు శృతుల్లో. వాద్యానికి దాని సొంత శృతి ఉంటుంది. మీరు పాడుతూ వాయించాలనుకున్నా, ఇంట్లో ఒకరు పాడితే ఇంకొకరు వాయించాలనుకున్నా ఇది కుదరాలి.

ఆ తర్వాతే ఇల్లు, డబ్బు, పొరుగువాళ్ళు.

| వాద్యం | గమకం | కార్వె | శృతి | మొదటి ఏడాది | ఇంట్లో ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| వయొలిన్ | గొంతులో పలికేవన్నీ | కమాను ఆడినంతసేపు | మార్చుకోవచ్చు | కష్టం, చెవికి పరీక్ష | మొదట్లో పొరుగువాళ్ళకు |
| వీణ | తీగ లాగి, దాదాపు అన్నీ | మీటాక తగ్గిపోతుంది | రెండున్నర, మూడు చుట్టూ | స్వరం త్వరగా దొరుకుతుంది, వేళ్ళు మండుతాయి | చోటు, ఎండ, ప్రయాణం |
| వేణువు | బాగానే, సాధన మీద | ఊపిరి ఉన్నంతసేపు | ఒక్కో శృతికి ఒక్కో వేణువు | మొదటి నెల గాలే వస్తుంది | దాదాపు లేదు |
| కీబోర్డ్ | స్వరం వంచే చక్రం ఉంటే కొంత | ఎంతసేపైనా | మీట నొక్కితే మారుతుంది | చాలా సులువు | లేదు, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి |
| మాండొలిన్, గిటార్ | లాగుడు, జారుడుతో | తక్కువ, ఆంప్లిఫయర్‌తో కొంత | కొంతవరకు | మధ్యస్థం | ఆంప్లిఫయర్ సౌండ్ |

పట్టిక చూసి నిర్ణయం తీసుకోకండి. మేం ఇలాంటి పట్టిక నోట్‌బుక్‌లో గీసుకునే కీబోర్డ్ కొన్నాం.

## కీబోర్డ్: మేం మొదట చేసిన పొరపాటు

దుకాణంలో అబ్బాయి చాలా మర్యాదగా "అన్ని సంగీతాలూ వస్తాయి మేడమ్" అన్నాడు. వందల రకాల సౌండ్లు, తబలా, తంబూరా అన్నీ నొక్కి చూపించాడు. ఇంటికొచ్చి మా అమ్మాయి మోహన వర్ణం వాయించింది, బాగానే ఉంది. హంసధ్వని బాగుంది. మూడో రోజు తోడిలో ఒక కృతి మొదలుపెట్టి రెండు వరుసలు కాగానే చేతులు తీసేసి నా వైపు చూసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. స్వరాలన్నీ కరెక్టే, రాగం మాత్రం ఇంట్లో లేదు. గాంధారం ఊగాల్సిన చోట ఒక మీట టక్కుమని మోగి ఊరుకుంది.

కచేరీల్లో కీబోర్డ్ మీద గమకాలు పలికించేవాళ్ళు ఎడమ చేత్తో పిచ్ బెండ్ అనే చిన్న చక్రం తిప్పుతూ స్వరాన్ని వంచుతారు. మేం కొన్నదానికి ఆ చక్రమే లేదు. అడగాలని మాకు తెలియలేదు, చెప్పాలని అతనికి తోచలేదు. కీబోర్డే తీసుకోవాలని మీకుంటే ఈ ఒక్కటి చూసి కొనండి. చక్రం ఉన్నా అది ఇంకో విద్య. కుడి చెయ్యి స్వరం నొక్కుతుంటే ఎడమ చెయ్యి దాన్ని ఊపాలి. రెండూ కలవడానికి వయొలిన్‌కి పట్టినంత కాలమూ పట్టవచ్చు. అప్పుడు 'సులువైన వాద్యం' అన్న మాటకు అర్థం ఉండదు.

ఈ తగాదా కొత్తదేమీ కాదు. మీటల మీద మన గమకం పలకదన్న వాదనతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. మరోపక్క మన పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించండి! రాగం తీసి తీసి నటుడు ఊపిరి పీల్చుకునే సందులో ఆ హార్మోనియమే పద్యాన్ని పట్టుకుని నిలబెడుతుంది. ఏ పనికి ఏది అన్నదే తేడా.

మరి కీబోర్డ్ మీద ఏవి బాగుంటాయి? నోట్టుస్వరాలు అచ్చంగా దానికి పుట్టినట్టు ఉంటాయి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ 'రఘువంశ సుధా' కట్టిన కదనకుతూహలం రాగం గెంతుతూ నడుస్తుంది, ఊగడం తక్కువ. వాద్యకారులందరికీ అది ఇష్టం, కీబోర్డ్‌కి మరీను. మోహనం, హంసధ్వని, శంకరాభరణంలో తేలికపాటివి నడుస్తాయి. తోడి, సహాన, బేగడ, ఆహిరి జోలికి వెళ్ళకండి.

పిల్లలకు స్వరస్థానాలు కళ్ళకు చూపించడానికి మాత్రం దీన్ని మించింది లేదు. ఆ కీబోర్డ్ ఇప్పటికీ ఇంట్లో ఉంది, శృతి పెట్టెలా వాడుతున్నాం. ఖరీదైన శృతి పెట్టె.

## వయొలిన్: గొంతుకి దగ్గరి చుట్టం

వేలు ఎక్కడ పెట్టాలో చూపించే మెట్లు దీనికి లేవు. అంటే అడ్డూ లేదు, ఆసరా కూడా లేదు. గొంతు ఎలా జారుతుందో వేలు అలా జారగలదు. కమాను ఆడుతున్నంతసేపు కార్వె ఉంటుంది. మూడు స్థాయిలు దాటి పలుకుతుంది. తీగలు, బిరడాలు సర్దుకుంటే ఐదున్నర శృతిలో పాడే అమ్మాయికీ, ఒకటిన్నరలో పాడే మామయ్యకీ పక్కన కూర్చోవచ్చు. గొంతులో ఉన్న కీర్తనను తక్కువ నష్టంతో దించుకోవాలంటే నా ఓటు దీనికే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893–1964) పక్కవాద్యంగా ఉన్నదాన్ని ముందుకు తెచ్చి సోలో కచేరీలు చేసి చూపించారు. వయొలిన్ ఒక్కటే ఒక పూట కచేరీని మోయగలదా అన్న అనుమానం తెలుగువాళ్ళకి ఎప్పుడో తీరిపోయింది.

ఇక కష్టం. మోహన వర్ణం 'నిన్నుకోరి' గాంధారంతో మొదలవుతుంది. పాడితే నోరు తెరవగానే వచ్చేస్తుంది. వయొలిన్ మీద నా వేలు ఆ గాంధారానికి వెంట్రుకవాసి కింద పడేది. చెవికి వెంటనే తెలుస్తుంది. సర్దుతాను, ఈసారి వెంట్రుకవాసి పైన. ఈలోగా కమాను వంకరపోయి కీచుమంటుంది. రెండు నెలలు 'నిన్నుకోరి'లో ఆ ఒక్క 'ని' అక్షరం దగ్గరే ఉన్నాను. మా మాస్టారు ఓపికగా "చెవి మీ మాట వింటోంది, వేలికి ఇంకొంచెం టైమివ్వండమ్మా" అనేవారు.

గాత్రం వచ్చినవాళ్ళు వయొలిన్ దగ్గర మధ్యలో మానేయడం నేను చాలానే చూశాను. కారణం ఇదేనని నా అనుకోలు. చెవి ఆరేళ్ళు ముందుంది, చెయ్యి ఇవాళే పుట్టింది. తాము వాయించేది ఎంత ఘోరంగా ఉందో వాళ్ళకి పూర్తిగా అర్థమవుతుంది. ఏమీ రాని ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆ బాధ లేకుండా హాయిగా గీకుతాడు. ఏడాది పాటు సొంత చెవిని భరించగలిగితే మాత్రం ఆ చెవే మిమ్మల్ని మిగతావాళ్ళకంటే ముందుకు లాక్కెళ్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఒక చిట్కా. మ్యూట్ అని ఒక చిన్న రబ్బరు ముక్క దొరుకుతుంది. బ్రిడ్జి మీద తగిలిస్తే సౌండ్ బాగా తగ్గుతుంది. మా పైఫ్లాటు ఆవిడ మెట్ల దగ్గర కలిసి "పిన్నిగారూ, మీ ఇంట్లో తలుపు కీచుమంటోంది, కాస్త నూనె వేయించండి" అన్న సాయంత్రమే నేను అది కొన్నాను.

## వీణ: అందం, బరువు, ఏప్రిల్ ఎండ

రాంకోఠీ నుంచి మొదటిసారి వీణ తెచ్చుకున్న రోజు ఆటో డ్రైవర్ దాన్ని ఒకసారి, ఆటోని ఒకసారి చూసి "మేడమ్, ఇది మడవనీకొస్తదా?" అనడిగాడు. రాదు. అడ్డంగా పెడితే రెండు వైపులా బయటికొచ్చింది. చివరికి నేను మూలకి ఒదిగి కూర్చుని, కుండ ఒళ్ళో పెట్టుకుని, వీణ చివర చెక్కిన యాళి తలని మా అమ్మాయి భుజం మీద ఆనించి మల్కాజిగిరి దాకా వచ్చాం. వారానికి రెండుసార్లు మోసుకెళ్ళే పనైతే మీ గురువుగారింట్లో ఇంకో వీణ ఉందో లేదో ముందు కనుక్కోండి.

వీణకి 24 మెట్లు. స్థాయికి పన్నెండు, స్వరం ఎక్కడుందో కంటికి కనబడుతుంది. అందుకని వయొలిన్‌లో రెండు నెలలు పట్టిన గాంధారం వీణలో మొదటి రోజే దొరికింది మా అమ్మాయికి. గమకం కోసం మెట్టు మీదే తీగను పక్కకి లాగుతారు. ఒకే మెట్టు మీద నుంచి రెండు మూడు స్వరాలు పైదాకా లాగవచ్చు. తోడి గాంధారం అడిగిన ఉయ్యాల ఇక్కడ దొరికింది. కీబోర్డ్ దగ్గర చేతులు తీసేసిన పిల్ల ఇక్కడ అదే వరుస వాయించి, మీటిన తీగ ఆగిపోయేదాకా వింటూ కూర్చుంది. ఇక వేరే వాద్యం మాట ఎత్తలేదు. మొదటి నెలల్లో చూపుడు వేలూ మధ్య వేలూ తీగ కోసి ఎర్రగా కందిపోయేవి, అన్నం కలుపుకోవడానికి చెంచా వాడింది. గట్టిపడ్డాక మామూలే.

పోయేది కార్వె. నిదానమైన కృతిలో స్వరం మధ్యలో సన్నబడిపోతుంది. దాన్ని మళ్ళీ మీటి నింపాలా, తీగ లాగి మిగిలిన నాదంతోనే సాగదీయాలా అన్నది వైణికుల రుచి. ఈమని శంకరశాస్త్రి గారి (1922–1987) వాదనలో, ఆయన శిష్యులు చిట్టిబాబు గారి (1936–1996) వాదనలో ఆ నిశ్శబ్దం ఎలా పనికొచ్చిందో వినండి. వయొలిన్ ఇవ్వలేనిది ఒకటి వీణ ఇస్తుంది. పక్కనున్న మూడు తాళపు తీగలు. మీ చిటికెన వేలే మీకు తాళం వేస్తుంది, రాగానికి శృతీ నిలుపుతుంది. ఒంటరిగా కూర్చుని వాయించుకునేవాళ్ళకి ఇంతకంటే నిండైన తోడు లేదు.

శృతి దగ్గర ఒక చిక్కుంది. చాలా వీణలు రెండున్నర, మూడు శృతుల దగ్గర బాగా పలుకుతాయి. ఐదున్నరలో పాడే అమ్మాయి తన గొంతు శృతికే వీణ బిగించబోతే తీగ తెగుతుంది. పాట మానేసి వాయిస్తానన్న మా అమ్మాయికి ఇది సమస్య కాలేదు. పాడుతూ వాయించాలనుకునేవాళ్ళు మాత్రం కొనకముందే గురువుగారితో మాట్లాడాలి.

ఇంకొకటి మా ఇంటి తప్పిదమే. మెట్లను మైనంలో కూర్చి నిలబెడతారు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వీణను కారు వెనక సీట్లో వదిలి పెళ్ళి భోజనానికి వెళ్ళాం. తాంబూలం తీసుకుని వచ్చేసరికి కారు పొయ్యిలా ఉంది, మైనం మెత్తబడి నాలుగు మెట్లు పక్కకి వాలాయి. మళ్ళీ మెట్లు కట్టించి శృతి కుదిర్చేదాకా మూడు వారాలు సాధన లేదు. హైదరాబాద్ ఎండాకాలంలో వీణ ఇంట్లో చల్లటి గోడ పక్కన ఉండాలి.

## వేణువు

డబ్బుకి వెనకాడేవాళ్ళు, చోటు లేనివాళ్ళు, ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్ళు ముందు ఇటు చూడండి. వీణకి పదుల వేలు కావాలి, నేర్చుకోవడానికి పనికొచ్చే వేణువు వందల్లో దొరుకుతుంది. కాకపోతే శృతి మారితే వేణువూ మారాలి, చివరికి సంచీలో అరడజను చేరతాయి. కర్ణాటక వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. వాటిని సగం మూసి, వేలు జార్చి గమకం పలికిస్తారు. టి.ఆర్. మహాలింగం (1926–1986) ఈ పద్ధతితోనే వేణువును పాట దగ్గరికి తెచ్చారు. ఊపిరి గొంతుదే కాబట్టి పాడేవాళ్ళకి ఎక్కడ ఆగాలో ముందే తెలుసు.

కింది స్థాయే ఇబ్బంది. మంద్ర పంచమం దాటి దిగడం కష్టం. మంద్రంలో తిరిగే సంగతులను పై స్థాయికి మార్చి వాయించాల్సి వస్తుంది, అప్పుడు వాటి గాంభీర్యం కొంత పలుచబడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

## మాండొలిన్, గిటార్, శాక్సొఫోన్

వీటి దగ్గరికి వచ్చేవాళ్ళంతా పాలకొల్లు అబ్బాయి యు. శ్రీనివాస్ (1969–2014) పేరు చెబుతారు. ఆయన కీర్తనను మాండొలిన్‌కి తగ్గట్టు కుదించలేదు. మాండొలిన్‌నే మార్చారు. జంట తీగలున్న మామూలు మాండొలిన్‌లో లాగుడు కష్టం, నాదం క్షణంలో ఆరిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని ఐదు ఒంటి తీగలతో వాయించారు. దుకాణంలో ఎనిమిది తీగలది కొని ఇంటికి తెచ్చి ఆయనలా పలకలేదేమిటని బెంగపడకండి, అది వేరే వాద్యం కింద లెక్క.

గిటార్‌దీ అదే కథ. విశ్వమోహన్ భట్ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టి, తీగలు చేర్చి, కడ్డీతో జారుస్తూ మోహన వీణగా చేసుకుని హిందుస్థానీ ఆలాపన దాని మీద వాయించారు. ఇంట్లో ఇప్పటికే గిటార్ వాయించే కుర్రాడుంటే వర్ణాలు నేర్పించి చూడండి, ఉత్సాహంగా పట్టుకుంటాడు. కీర్తన కోసమే కొత్తగా గిటార్ కొనమని మాత్రం చెప్పను.

శాక్సొఫోన్‌ను కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) కచేరీ ముందు వరసలోకి తెచ్చారు. వినడానికి అద్భుతం. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో సాధన మాట మర్చిపోండి.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకి, పాట కూడా సాగుతున్నట్టయితే వయొలిన్. చెయ్యి లేతగా ఉన్నప్పుడే వేలికి చెవి నేర్పాలి. చిన్న సైజులు దొరుకుతాయి, పిల్ల పెరిగేకొద్దీ మార్చాలి కాబట్టి మొదటిది కొనకుండా అరువు తెచ్చుకోండి.

నలభై దాటి, ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్ళకి నేను వీణే చెబుతాను, నేను చేసింది వేరే అయినా. మొదటి మూడు నెలల్లోనే గుర్తుపట్టేలా ఒక గీతం పలుకుతుంది. ఆ వయసులో ఆ చిన్న సంతోషం లేకపోతే వాద్యం అల్మారా పైకి వెళ్ళిపోతుంది. నడుం నొప్పి ఉంటే దివాన్ మీద కాళ్ళు చాపుకునే పద్ధతి ఏదైనా ఉందా అని అడగకండి, మా గురువుగారికి కోపం వచ్చింది.

నలుగురితో కలిసి వాయించాలని, గుళ్ళో, అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లో కూర్చోవాలని ఉంటే వయొలిన్ లేదా వేణువు. పక్కవాద్యం కావాల్సినప్పుడు ఫోన్ వచ్చేది వాళ్ళకే.

పాశ్చాత్య పియానో గ్రేడ్ పరీక్షలు రాస్తూ అమ్మమ్మ కోసం రెండు కీర్తనలు వాయించాలనుకునే పిల్లలకి వాద్యం మార్చడం అనవసరం. రాగం చూసి ఎంచుకుంటే చాలు. ఎడమ చేతి కార్డ్స్, అంటే ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు, కాస్త తగ్గించమని చెప్పండి. రాగంలో లేని స్వరం కార్డులో దూరితే అమ్మమ్మ ముఖం చూసి మీకే తెలుస్తుంది.

రామదాసు, అన్నమయ్య కీర్తనలే ప్రాణం అనేవాళ్ళు పాడుతూనే ఉండండి. వాద్యం కావాలంటే మీ పాట పక్కన నిలబడేదాన్ని తీసుకోండి, పాట స్థానంలో కూర్చునేదాన్ని కాదు.

గురువు దొరకడం కూడా చూసుకోవాలి. రాంకోఠీలోనూ సికింద్రాబాద్‌లోనూ ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి, గాత్రంతోపాటు వీణ, వయొలిన్, వేణువు నేర్పుతారు. మీ పేటలో మంచి వేణువు మాస్టారు ఉండి, వయొలిన్ మాస్టారు నగరం ఆ చివర ఉంటే వేణువే నేర్చుకోండి. వారానికి రెండుసార్లు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని వచ్చిన చేతికి గమకం రాదు.

## కొనేముందు

మీకు బాగా వచ్చిన ఒక కీర్తన పల్లవి ఎంచుకోండి. దాన్ని మాటల్లేకుండా 'అ'కారంతో పాడి ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మాట పోయాక కూడా వినబుద్ధేస్తే అది వాద్యానికి పనికొచ్చే కీర్తన. ఇలా పది కీర్తనలు చేసి, మిగిలినవాటిలో ఊగేవి ఎక్కువా, గెంతేవి ఎక్కువా, మంద్రంలో తిరిగేవి ఎన్ని అని లెక్కపెట్టుకోండి. మా అమ్మాయి జాబితాలో ఊగేవి ఏడు తేలాయి. ఈ పని కీబోర్డ్ కొనకముందు చేసుంటే మాకు డబ్బు మిగిలేది.

ఇంకొక పని, దీనికి ఖర్చు లేదు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన జరిగే చోటికి వెళ్ళండి. త్యాగరాజు ఐదు రాగాల్లో కట్టిన పంచరత్న కృతులు అందరూ కలిసి పాడతారు, వాయిస్తారు. ముందు వయొలిన్ల వైపు కూర్చుని నాట రాగ కృతి వినండి. గౌళకు లేచి వేణువు దగ్గరికి వెళ్ళండి. వీణలు ఉంటే ఆరభి అక్కడ వినండి, దగ్గరగా, మీటు తగిలే చప్పుడు కూడా వినబడేంత దగ్గరగా. ఒకే సంగతి మూడు చోట్ల మూడు రకాలుగా చెవిన పడుతుంది. పిల్లల్ని తీసుకెళ్తే వరాళి, శ్రీరాగం వచ్చేసరికి ఎక్కడికి వెళ్ళి కూర్చుంటారో వాళ్ళనే వదిలేసి, మీరు వెనక నుంచి చూడండి.